ఒక పాట – ఎనిమిది టేకులు

రేడియోలో ఒక పాట వచ్చుచున్నది. మూడు నిమిషములలో అది ముగియును. పాడినవారు ఒక్కరే, పాటయు ఒక్కటే. వినువారికి అది ఒక్క పట్టున పాడినట్లే తోచును. కాని అందలి పల్లవి రెండవసారి పాడినప్పటిది కావచ్చును. మొదటి చరణము ఐదవసారి పాడినప్పటిది కావచ్చును. చివరి పంక్తిలోని ఒక్క మాట మాత్రము ఏడవసారి పాడినప్పటిది కావచ్చును. ఇట్లు ఒకే పాటను పలుమార్లు పాడించి, ప్రతిసారి పాడినదానిని వేరుగా నిలువజేసి, వానిలో తగినదానిని ఏరి కూర్చు పనిని గూర్చి నేడు ముచ్చటింతము. ధ్వనిముద్రణశాలలో ఒక్కొక్కసారి పాడినదానిని ‘టేకు’ అందురు. మేమును ఆ మాటనే వాడుదుము.

ఇది నిపుణులకే పనికివచ్చు విషయమని శ్రోతలు తలపరాదు. ఒకప్పుడు పెద్ద స్టూడియోలకే దక్కిన పరికరము నేడు హార్మోనియము పెట్టెకంటె చిన్నదై ఇండ్లకు వచ్చినది. పిల్లల సంగీతపాఠములను, భజన గోష్ఠులను, పెద్దవారు పాడు మంగళహారతులను ఇంటనే రికార్డు చేసికొనువారు నేడు కలరు. వారికి యంత్రమును సంపాదించుట అంత కష్టము కాదు. మీటలు నొక్కుట నేర్చుకొనుటయు కష్టము కాదు. చేసిన టేకులలో దేనిని ఉంచవలెను, దేనిని తీసివేయవలెను అని తేల్చుకొనుటయే కష్టము.

ఈ చిక్కు పూర్వులకు లేదు. మైనపు పలకమీద సూదితో గీచి రికార్డు చేయు కాలమున, పాట నడుమ ఎవరైనను తప్పినచో ఆ పలక వ్యర్థమే. మొదటినుండి మరల పాడవలసినదే. మన సినిమా పాటలకును చాలకాలము ఇదే పద్ధతి. గాయకుడును వాద్యబృందమును కూడి ఒకేసారి పాడి వాయించెడివారు. అందరు చక్కగా వాయించి, ఒక్క వయొలిను మాత్రము అపస్వరము పలికినను, అందరును తిరిగి మొదలు పెట్టవలసి వచ్చెడిది. ఆ భయమే వారిచేత ముందుగా పదిసార్లు సాధన చేయించెడిది.

అయస్కాంతపు టేపు వచ్చి ఈ స్థితిని మార్చినది. 1935లో బెర్లిను నగరమందలి రేడియో ప్రదర్శనలో ‘మాగ్నెటోఫోన్’ అను టేపు యంత్రమును ప్రజలకు చూపిరి. టేపునకు ఒక గొప్ప గుణము కలదు. దానిని బ్లేడుతో కోసి మరల అతుకవచ్చును. పిమ్మట 1957లో లెస్ పాల్ అను అమెరికను గిటారు విద్వాంసుడు ఆంపెక్స్ సంస్థవారు చేసిన 8 ట్రాకుల టేపు రికార్డరును తెప్పించుకొనెను. ఒకే టేపుమీద ఎనిమిది దారులు పక్కపక్కనే నడచును. ఒకదానిలో గిటారు, ఒకదానిలో గాత్రము, ఇంకొకదానిలో రెండవ గాత్రము. ఒకదానిని వినుచు వేరొకదానిలో పాడవచ్చును. తప్పినచో ఆ ఒక్కదారినే తుడిచి తిరిగి పాడవచ్చును.

టేకులను ఏరి కూర్చుట కేవలము తప్పులను దిద్దుటకే అనుకొనుట పొరపాటు. కెనడా దేశపు పియానో విద్వాంసుడు గ్లెన్ గూల్డ్ 1966లో ప్రచురించిన ఒక వ్యాసమున తన అనుభవమును వివరించెను. బాఖ్ రచించిన ఎ మైనరు ఫ్యూగును రికార్డు చేసినప్పుడు ఆయన 6వ టేకులోను, 8వ టేకులోను తప్పులేకుండ వాయించెను. ఒకటి గంభీరము, రెండవది చురుకైనది. మొదలు తుది ఒకే తీరున సాగుటచేత రెండును విడివిడిగా విసుగు పుట్టించినవి. అప్పుడు ఆది అంతములకు 6వ టేకును, నడిమి భాగమునకు 8వ టేకును తీసికొని అతికిరి. రెండింటిలో దేనికిని లేని నిండుదనము ఆ కూర్పునకు వచ్చినదని ఆయన అభిప్రాయము.

1966 చివర లండనులో ఇంతకంటె సాహసమైన పని జరిగినది. బీటిల్స్ బృందమువారి ‘స్ట్రాబెరీ ఫీల్డ్స్ ఫరెవర్’ పాటకు జాన్ లెనన్ 7వ టేకు మొదటిభాగమును, 26వ టేకు చివరిభాగమును కోరెను. ఆ రెండింటికి శ్రుతియు వేరు, వేగమును వేరు. నిర్మాత జార్జి మార్టిను, ఇంజనీరు జెఫ్ ఎమరిక్ టేపు వేగమును సవరించి, శ్రుతులను దగ్గరకు తెచ్చి, పాట మొదలైన నిమిషము నాటికి అతుకు వేసిరి. 1967లో ఆ రికార్డు వెలువడినది. తెలియనివారు వినినచో అతుకు కనిపట్టుట కష్టము.

ఇంత చేసినను టేపునకు ఒక హద్దు ఉండెను. ఒక దారిమీద కొత్తగా పాడినచో పాతది చెరిగిపోవును. ఎనిమిది దారులును నిండినచో, ఇంకొక టేకు కావలెనన్న ఏదో ఒకదానిని బలి ఇయ్యవలెను. ‘ఇప్పుడు పాడినది బాగున్నదా? ఇంకొకసారి పాడినచో ఇంతకంటె బాగుండునా?’ అని ఆ క్షణముననే తేల్చవలెను. తేల్చినపిమ్మట వెనుకకు తిరుగుట లేదు.

డిజిటలు రికార్డరు ఈ హద్దును తొలగించినది. 1996లో రోలాండ్ సంస్థవారు వీ.ఎస్.-880 అను యంత్రమును వెలువరించిరి. మిశ్రణపు బల్లయు, రికార్డరును ఒకే పెట్టెలో అమరినవి. అందు పైకి కనబడు ట్రాకులు 8. ఒక్కొక్క ట్రాకు వెనుక ఎనిమిదేసి ‘వర్చువల్’ ట్రాకులు దాగియుండును. అనగా మొత్తము 64. ఒకేసారి మ్రోగునవి మాత్రము ఎనిమిదే. గాత్రమునకు ఒక ట్రాకు కేటాయించినచో, దాని చాటున ఎనిమిది టేకులను దాచుకొని, ఏది కావలెనన్న దానిని ముందుకు తెచ్చి వినవచ్చును. 1998లో వచ్చిన వీ.ఎస్.-1680లో 16 ట్రాకులు, ఒక్కొక్కదాని వెనుక పదునారు. అనగా మొత్తము 256. ఆ యంత్రముల తయారీ నిలిచిపోయినది. అయినను ఆ పద్ధతియే నేటి చిన్న రికార్డర్లలోను, కంప్యూటరు పరికరములలోను వేరువేరు పేర్లతో సాగుచున్నది.

ఇది ఎట్లు సాధ్యమైనదో ఒక పోలికతో చెప్పుదుము. గ్రంథాలయములో పుస్తకములు బీరువాలలో ఉండును. ఏ పుస్తకము ఏ అరలో ఉన్నదో తెలుపు పట్టిక వేరుగ ఉండును. డిజిటలు రికార్డరులో పాడిన ధ్వని అంతయు అంకెలుగా మారి డిస్కుమీద ఒకచోట నిలుచును. అది పుస్తకము వంటిది. ‘ఇక్కడనుండి ఇక్కడివరకు 2వ టేకు చదువుము, పిమ్మట 5వ టేకునకు పొమ్ము’ అని చెప్పునది పట్టిక. మనము కోసినామని, అతికినామని అనుకొనునప్పుడు యంత్రము పట్టికను మాత్రమే మార్చుచున్నది. పుస్తకములో ఒక్క పుటయు చిరుగుట లేదు. అందుచేతనే కోత నచ్చనిచో వెనుకకు పోవచ్చును.

అయితే ఏదియు పోదను ధైర్యముతోనే కొత్త కష్టము మొదలైనది. ఏదియు పోనప్పుడు దేనిని తేల్చవలసిన పని ఉండదు. ఐదు నిమిషముల పాటకు ఎనిమిది టేకులైనచో, ఒక్కసారి వినుటకే నలుబది నిమిషములు పట్టును. పంక్తి పంక్తికి పోల్చి చూచినచో ఒక పూట గడచును. మూడు దినములు గడచినపిమ్మట ఏ టేకులో ఏమున్నదో పాడినవారికే గుర్తుండదు. అందుచేత టేకులను నడపుట అనునది మొదటినుండి క్రమముతో చేయవలసిన పని. మేము పాటించు క్రమమును చెప్పుదుము.

మొదటిది, టేకులన్నియు ఒకదానితో ఒకటి కలియునట్లు పాడించుట. నిన్నటి శ్రుతి వేరు, నేటి శ్రుతి వేరు అయినచో అతుకు నిలువదు. గాయకునకు మైకునకు నడుమనున్న దూరము మారినను గొంతు రంగు మారును. ఒక టేకులో ఫ్యాను తిరుగుచుండి, వేరొకదానిలో ఆగియున్నచో, అతుకువద్ద గదియే మారినట్లు వినబడును. అన్నిటికంటె ముఖ్యమైనది తంబుర. తంబుర నాదము గాయకుని మైకులో పడినచో, గొంతును కోసినచోట తంబుర కూడ తెగును. చెవి దానిని వెంటనే పట్టుకొనును. కాబట్టి తంబురను వేరు ట్రాకులో ముందుగా నిలిపి, గాయకునకు హెడ్‌ఫోనుద్వారా వినిపింపవలెను. అప్పుడు గొంతును ఎన్నిచోట్ల కోసినను తంబుర ఒక్క ధారగా సాగుచుండును.

రెండవది, సంఖ్యకు నియమము. ఎనిమిది గదులున్నవని ఎనిమిదింటిని నింపనక్కరలేదు. మూడుసార్లు పాటను మొదటినుండి తుదివరకు పాడించుట మంచిది. పిమ్మట బలహీనముగా నున్న పంక్తులను మాత్రమే పాడించవలెను. మొదటి టేకులో బెరుకు ఉండవచ్చును గాని, ఉత్సాహము కూడ ఉండును. ఆరు ఏడు టేకులకు గొంతు అలసి తప్పులు తగ్గును, ప్రాణమును తగ్గును. సాధనకై పాడుచున్నానని గాయకుడు అనునప్పుడును యంత్రమును నడపుచుండవలెను. భయము లేనప్పుడు పాడినదే ఒక్కొక్కసారి అన్నిటిలో మేలైనది.

మూడవది, నోటుపుస్తకము. యంత్రములో ఎంత జ్ఞాపకశక్తి ఉన్నను కాగితముమీద గీసిన పట్టికకు సాటిరాదు. పాటలోని పంక్తులను నిలువుగ, టేకుల సంఖ్యలను అడ్డముగ వ్రాయవలెను. పాడుచున్నప్పుడే గళ్లలో గుర్తు వేయవలెను. బాగున్నదానికి ఒక గుర్తు, పనికివచ్చుదానికి ఒకటి, వలదన్నదానికి మరియొకటి. మూడు గుర్తులు చాలును. వర్చువల్ ట్రాకు సంఖ్యయు టేకు సంఖ్యయు ఒకటే అగునట్లు చూచుకొనవలెను. మూడవ టేకును ఐదవ గదిలో పెట్టినవారికి తరువాత వెదకులాట తప్పదు. యంత్రము తనంత తానిచ్చు పేర్లను వదలి, పాట పేరు, తేది, టేకు సంఖ్య అందు చేర్చవలెను.

నాలుగవది, వినుట. పాడిన రాత్రియే ఏరుటకు కూర్చుండరాదు. పాడించినవారి చెవికి అప్పటికి తప్పులే వినబడుచుండును. మరునాడు వినినచో పాట వినబడును. పాడినవారిని పక్కన కూర్చుండబెట్టుకొని, ఇది ఎన్నవ టేకో చెప్పక వినిపించుట మంచి పద్ధతి. తాము శ్రమపడి పాడిన చివరి టేకుమీద గాయకులకు మమకారము ఉండును. సంఖ్య తెలియనప్పుడు చెవి నిజము చెప్పును.

ఐదవది, ఏరుట. ప్రతి మాటకు మేలైన టేకును వెదకి కూర్చినచో అది రంగురంగుల బొంత అగునుగాని చీర కాదు. అందుచేత మొదట ఒక టేకును మూలముగా పెట్టుకొనవలెను. పాట అంతటిలోను భావము చెడక నడచిన టేకు ఏదో అదే మూలము. అందులో నిజముగా చెడిన పంక్తులకు మాత్రమే ఇతర టేకులనుండి తెచ్చి అతుకవలెను. చిన్న లోపమును దిద్దుటకు పెద్ద గుణమును పోగొట్టరాదు.

ఆరవది, అతుకు వేయు చోటు. ధ్వని అల వలె పైకి క్రిందికి ఊగుచుండును. అల పైనున్నచోట ఒకదానిని తెంచి, క్రిందనున్నచోట వేరొకదానిని కలిపినచో ‘టిక్’ అను చప్పుడు పుట్టును. ఇది రాకుండ, సెకనులో నూరవవంతు పాటి కాలములో మొదటిదానిని తగ్గించుచు రెండవదానిని హెచ్చించుచు కలుపుదురు. యంత్రమే ఆ పనిని చేయును. చోటును మాత్రము మనుష్యుడే ఎన్నవలెను. ఊపిరి తీసికొనుచోటు అన్నిటికంటె సురక్షితము. అయితే ఊపిరిని సగములో కోయరాదు. రెండవ టేకుయొక్క ఊపిరి దాని మాటతోనే రావలెను.

ఇచ్చట తెలుగు పాటకు ఒక ప్రత్యేకత కలదు. మన మాటలు చాలవరకు అచ్చుతో ముగియును. పాడునప్పుడు ఒక మాట చివరి అచ్చు తరువాతి మాటలోనికి జారిపోవుచుండును. ఆ జారుడుమీద కత్తి పెట్టినచో గమకము తెగును. క, చ, ట, త, ప అను పరుషములకు ముందు మాత్రము నోరు ఒక్క లిప్తకాలము మూసికొనును. ఆ లిప్తకాలపు నిశ్శబ్దమే మనకు తలుపు. ‘చక్కని’ అను మాటలో చకారమునకు ముందు కోయవచ్చును, ఒత్తు కకారమునకు ముందును కోయవచ్చును. ‘అమ్మవు’ అను మాటలో ఎక్కడను కోయరాదు.

ఏడవది, మూలములను కాపాడుట. ఏరి కూర్చినదానిని ఖాళీగానున్న వర్చువల్ ట్రాకులోనికి నకలు చేయవలెను. మొదటి టేకులను ఉన్నచోటనే ఉంచవలెను. కొన్ని యంత్రములలో వాడుకలో లేని ధ్వనిని తీసివేసి డిస్కులో చోటు మిగుల్చు ఏర్పాటు కలదు. వీ.ఎస్. యంత్రములలో దానికి ‘సాంగ్ ఆప్టిమైజ్’ అని పేరు. ఆ మీట నొక్కువరకే వెనుకకు పోవు దారి ఉండును. నొక్కినపిమ్మట ఆ దారి మూసికొనిపోవును. పట్టికలో లేని పుస్తకములన్నియు బీరువానుండి పోవును.

ఆ మీటకు ఒకప్పుడు కారణము ఉండెను. కాంపాక్ట్ డిస్కు ప్రమాణమున ఒక్క ట్రాకు ఒక్క నిమిషమునకు సుమారు 5.3 మెగాబైట్లు పట్టును. 100 మెగాబైట్ల డిస్కులో అట్టివి ఇరువది నిమిషములైనను పట్టవు. నేటి స్థితి అట్లు లేదు. 48 కిలోహెర్ట్జులు, 24 బిట్ల ప్రమాణమున నిమిషమునకు 8.64 మెగాబైట్లు. ఐదు నిమిషముల పాటకు ఎనిమిది టేకులైనను మొత్తము 346 మెగాబైట్లకు మించదు. వ్రేలి గోరంత జ్ఞాపకపు కార్డులో అట్టి పాటలు పదులకొలది ఇమిడిపోవును. కాబట్టి చోటు చాలదని టేకులను తుడుచుటకు నేడు కారణము కనబడదు. రెండు వేరువేరు చోట్ల నకళ్లు ఉంచి, పిమ్మటనే ఏ మీటనైనను నొక్కవలెను.

ఇంతవరకు పద్ధతిని చెప్పితిమి. ఇక అసలు ప్రశ్న మిగిలియున్నది. ఇట్లు కూర్చిన పాట ఎవరిది? ఏ దినమునను ఎవరును ఆ పాటను ఆ విధముగా పాడలేదు గదా!

ఈ ప్రశ్నకు అన్ని పాటలకు ఒకే సమాధానము లేదు. స్వరపరచిన లలితగీతము ముందే కట్టిన ఇల్లు వంటిది. ఒక ఇటుక మార్చినను ఇల్లు అదే. అందు మంచి టేకులను కూర్చుట గాయకునకు మేలే చేయును. రాగాలాపన అట్టిది కాదు. ఆలాపనలో ఒక సంచారము తరువాతి సంచారమునకు బీజము. నెరవులోను, కల్పనస్వరములోను విద్వాంసుడు ఆ క్షణమున తనకు తోచినదానినుండియే ముందునకు నడచును. రెండవ టేకు ఆలాపన సగమును, నాల్గవ టేకు ఆలాపన సగమును కలిపినచో శ్రుతి కలియును, లయ కలియును, ఆలోచన కలియదు. అట్టిచోట ఒక్క టేకునే పూర్తిగా ఎన్నుట న్యాయము. అందలి చిన్న తడబాటు కూడ ఆ మనోధర్మములోని భాగమే.

అంతకంటె జాగ్రత్త కావలసినది ఇంటి పెద్దల పాటల విషయమున. డెబ్బదియేండ్ల వృద్ధురాలు పెండ్లిపాటనో, మేలుకొలుపునో, మంగళహారతినో మూడుసార్లు పాడినదనుకొందము. మూడుసార్లును ఒకే తీరుగా ఉండదు. ఒకసారి ఒక చరణము ముందు వచ్చును, ఒకసారి వెనుక వచ్చును. ఒక మాటకు బదులు ఇంకొక మాట పడును. పట్టణమున చదువుకొన్న మనుమడు దానిని తప్పని తలచి, మూడింటినుండి ఒక ‘సరియైన’ పాటను కూర్చి, మిగిలినవానిని తుడిచివేయవచ్చును. అతడు తుడిచినవి తప్పులు కావు, పాఠాంతరములు. ఆమె తల్లి ఒక విధముగా, అత్త ఒక విధముగా పాడియుందురు. రెండును ఆమె గొంతులో నిలిచియున్నవి. ఏది ఎక్కడిదో చెప్పగలవారు ఆమె ఒక్కరే. అట్టి పాటలకు టేకులను ఏరవలదు, కూర్పవలదు. పాడినవారి పేరు, ఊరు, తేది, ఎవరివద్ద నేర్చుకొనిరో ఆ వివరము చేర్చి, మూడింటిని మూడుగానే భద్రపరచవలెను. వినుటకు ఇంపైన నకలు కావలెనన్న వేరుగ చేసికొనవచ్చును. మూలమును మాత్రము ముట్టరాదు.

పూర్వపు యంత్రము, ‘దేనిని పోగొట్టుకొందువు?’ అని మనలను అడిగెడిది. నేటి యంత్రము ఏదియు పోనక్కరలేదని చెప్పి, ‘దేనిని ఎన్నుకొందువు?’ అని అడుగుచున్నది. రెండవ ప్రశ్న సులభమైనదని తోచును గాని కాదు. దానికి మంచి చెవి కావలెను, ఓపిక కావలెను, పాడినవారియెడ గౌరవము కావలెను. ఈ మూడింటిని ఏ పెట్టెయు అమ్మకమునకు తేలేదు.

ఇండ్లలో రికార్డరు ఉన్న శ్రోతలకు మా మనవి ఒక్కటే. వచ్చు ఆదివారము దానిని బయటికి తీసి, ముందుగా ఇంటిలోని పెద్దవారిచేత ఒక పాట పాడించుడు. మరల పాడుమని అడుగుడు. రెండును ఉంచుడు.